పిల్లలు ఇంట్లోనే చదువుకుంటుంటే ఏ కాగితం ఎవరు అడుగుతారు

మా పిల్లలు బడికి పోవడం లేదు, ఇంట్లోనే చదువుకుంటున్నారు అని తెలియగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "అట్లా చేయొచ్చా, గవర్నమెంటు ఒప్పుకుంటుందా" అని. రెండోది "మరి రేపు పదో తరగతి ఎట్లా రాస్తారు" అని. ఈ రెండింటికీ జవాబులున్నాయి, చెప్తాను. ఎవరూ అడగనిది ఇంకోటుంది. ఈ పిల్లలు ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళోనే ఉన్నారని, ఫలానా వాళ్ళే వీళ్ళని ఇంకో పదేళ్ళకు ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర ఏం చూపిస్తారు? నన్నడిగితే హోమ్‌స్కూలింగ్‌లో అసలు రికార్డుల పనంతా అదే.

నెట్‌లో వెతికితే దొరికేవన్నీ అమెరికా కబుర్లు. మా వదినావాళ్ళు పెన్సిల్వేనియాలో ఉంటారు, అక్కడ వాళ్ళకు తెలిసిన కుటుంబం ఒకటి ఇట్లాగే ఇంట్లో చదివిస్తోంది. వాళ్ళు ఏటా ఆగస్టు 1 లోపల అఫిడవిట్ ఇవ్వాలి, ఏడాదికి 180 రోజులు గానీ, చిన్న తరగతులకైతే 900 గంటలు గానీ చదువు చెప్పినట్టు చూపాలి, పిల్లలు చేసిన పనంతా ఫైలు కట్టి అర్హత ఉన్న మనిషికి చూపించి సరే అనిపించుకోవాలి. అది చదివి ఇక్కడి తల్లులు కూడా గంటలు లెక్కపెట్టే యాప్‌లు, రంగురంగుల ప్లానర్లు కొనేస్తుంటారు. కొనుక్కోండి, సరదాగా ఉంటే తప్పేం లేదు. కానీ ఆంధ్రాలో మీ గంటల లెక్క అడిగే ఆఫీసు ఒక్కటీ లేదు. మీరు లెక్కలు ఎట్లా చెప్తున్నారో, తెలుగులో ఒత్తులు వచ్చాయో లేదో ఎవరూ చూడరు. అడిగేదల్లా "ఏ స్కూలు?" అనే.

ముందు చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. దాంట్లో 10వ సెక్షన్ పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని సూటిగానే చెప్తుంది. అయితే చేర్పించకపోతే ఇంత జరిమానా, ఇన్నాళ్ళు జైలు అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. 8వ సెక్షన్ చూస్తే పిల్లల్ని చేర్చుకుని, హాజరయ్యేలా చూసి, చదువు పూర్తి చేయించే పూచీ ప్రభుత్వం మీదే పెట్టారు. రాజ్యాంగంలో 51ఎ(కె) అని ఉంది, 2002 సవరణలో చేర్చారు, అది కూడా పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల ప్రాథమిక విధి అంటుంది, బడి అనే మాట వాడదు. 2012లో ఢిల్లీ హైకోర్టులో నడిచిన ఒక కేసులో, ఇష్టపడి ఇంట్లో చదివించుకునే వాళ్ళకు ఈ చట్టం అడ్డు కాదని కేంద్రం అఫిడవిట్ వేసింది. దాన్ని పట్టుకుని "కోర్టు ఒప్పుకుంది" అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతుంటారు. అఫిడవిట్ వేరు, తీర్పు వేరు, చట్టం వేరు. కాబట్టి నా లెక్కలో మనది నేరం కాదు, అట్లాగని రాసిపెట్టిన అనుమతీ లేదు. ఆ మధ్యలో నిలబడి ఉన్నామని తెలిసి నిలబడితే టెన్షన్ తగ్గుతుంది.

ఒక్క చోట మాత్రం జరిమానా ఉంది, చాలామందికి తెలియదు. నలుగురైదుగురు కుటుంబాల వాళ్ళు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ఒక టీచరమ్మను పెట్టి, పైన అందమైన పేరుతో బోర్డు తగిలించారనుకోండి, అది ఇక హోమ్‌స్కూలింగ్ కాదు, గుర్తింపు లేని బడి అనేస్తారు. 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకుండా నడిపితే రోజుకు 10,000. వారానికోసారి అందరం కలిసి పిల్లల్ని జూకో సైన్స్ సెంటర్‌కో తీసుకెళ్ళడం వేరు, ఫీజు వసూలు చేసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడపడం వేరు. మా గ్రూపులో ఒకాయన ఇట్లాంటి ఆలోచనే పెట్టారు, నేను ఈ సెక్షన్ తీసి చూపిస్తే ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఇంటికొచ్చే వాళ్ళ గురించి. పెద్దది మూడో తరగతి దాకా బడిలోనే చదివింది, తర్వాత టీసీ తీసుకున్నాం. టీసీ ఇచ్చిన రోజు నుంచి పిల్ల పేరు యూడైస్ ప్లస్‌లో, అంటే బడిపిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితాలో, ఏ బడికీ చెందని డ్రాప్‌బాక్స్‌లోకి పోతుంది, ఇంకో బడి వాళ్ళు పిల్లకిచ్చిన పెన్ అనే విద్యార్థి నంబరు పెట్టి తమ జాబితాలోకి లాక్కునేదాకా అక్కడే ఉంటుంది. ఎవరూ లాక్కోకపోతే ఆ పేరు సీఆర్‌పీకి (ఆ చుట్టుపక్కల బడులను చూసుకునే క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌కు), వార్డు సచివాలయానికి ఎర్రగా కనిపిస్తుంది. కనిపించాక వాళ్ళు రావాలి కదా. చట్టంలో 9వ సెక్షన్ ప్రకారం తమ పరిధిలో ఉన్న 14 ఏళ్ళలోపు పిల్లలందరి రికార్డు పెట్టుకోవడం స్థానిక సంస్థ పని. వచ్చేవాళ్ళు మన మీద కోపంతో రారు, వాళ్ళ పైనుంచి ఫోన్లు వస్తుంటే వస్తారు.

మా వార్డు ఎడ్యుకేషన్ సెక్రటరీ మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడి, "అక్కా, మీ పాప బడి బయట పిల్లల లిస్టులో ఉండాది, ఏ స్కూల్లో ఏసినారో చెప్తే నేను ఎంట్రీ కొట్టేస్తా" అన్నాడు. ఇంట్లో చదివిస్తున్నామంటే వాళ్ళ ఫోన్‌లో ఆ ఆప్షన్ లేదు. ఉన్నవేమో వలస పోయారు, పనికి పోతున్నారు, పెళ్ళయింది, ఆరోగ్యం బాగాలేదు, చనిపోయారు, ఇట్లాంటివి. లోపల్నుంచి మా అత్తమ్మ "చెప్పినా గదా, పిలకాయల్ని ఇంట్లో పెట్టుకుంటే ఇట్లే ఇంటిమీదికొస్తారని" అని ఆయనకు వినబడేట్టే అంది. ఆ అబ్బాయిని కూర్చోబెట్టి మజ్జిగిచ్చి నోట్‌బుక్కులు చూపించాం. ఆయన బాగుందక్కా అని మెచ్చుకుని, ఫోటో తీసుకుని, చివరికి మళ్ళీ "అయితే ఏ స్కూలు అని రాసుకోను" అనే అడిగాడు!

దాని తర్వాత నేను చేసిన పని ఇది, మీకు కూడా చెప్పేది ఇదే: ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు తెలుగులో ఒక పేజీ లెటర్. పిల్ల పేరు, పుట్టినతేదీ, చివర చదివిన తరగతి, టీసీ తేదీ, ఇంటి అడ్రసు, ఫలానా తేదీ నుంచి ఇంట్లోనే ఏపీ ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు (సర్కారు బడుల పాఠ్యపుస్తకాలు) పెట్టి చదివిస్తున్నాం, 14 ఏళ్ళు నిండాక ఓపెన్ స్కూల్ ద్వారా పది రాయిస్తాం, పిల్ల ఏ పనికీ పోవడం లేదు, ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు. అంతే. అనుమతి ఇవ్వండి అని మాత్రం రాయొద్దు. అనుమతి ఇచ్చే అధికారం ఆయనకు ఉందో లేదో ఆయనకే తెలియదు కాబట్టి అడిగితే ఫైలు పైకి పోతుంది, పైనుంచి కిందికి రాదు. తెలియజేస్తున్నాం అని రాయండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకటి తపాల్లో ఇచ్చి, రెండోదాని మీద ఆఫీసు ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. ముద్ర వేయమంటే "మేడమ్ లేదు, రేపు రండి" అనే చోట్లు కూడా ఉంటాయి, అప్పుడు వాదించకుండా అదే లెటర్‌ను స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ అయినట్టు వచ్చిన ప్రింటు దాచుకోండి. మేం ఏటా జూన్‌లో బడులు తెరిచే టైముకు కొత్త లెటర్ ఇస్తాం. ఇప్పుడు సచివాలయం నుంచి ఎవరొచ్చినా ఆ ముద్ర ఉన్న కాగితం ఫోటో తీసుకుని పోతారు. వాళ్ళకూ పైవాళ్ళకు చూపించుకోవడానికి ఏదో ఒకటి దొరికింది.

ఇంకోటి, ఎప్పుడైనా మనసు మారి మళ్ళీ బడిలో వేయాలనుకుంటే? 4వ సెక్షన్ ప్రకారం ఆరేళ్ళు దాటిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, అవసరమైతే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వయసు రుజువు లేదని కూడా చేర్చుకోకుండా ఉండకూడదు. ప్రైవేటు బడి వాళ్ళు గొణుగుతారు, సర్కారు బడి వాళ్ళు మాత్రం హాయిగా చేర్చుకుంటారు. అయితే ఈ వెసులుబాటంతా ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిదిలో తలుపు సన్నబడిపోతుంది. సీబీఎస్‌ఈలో పది రాయాలంటే మామూలుగా తొమ్మిది కూడా సీబీఎస్‌ఈ బడిలోనే చదివి ఉండాలి. అందుకని పిల్లకు పన్నెండేళ్ళు దాటేసరికి ఏ బోర్డు అన్నది తేల్చేసుకోండి.

ఇక కాగితాలు. బర్త్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసి చూడండి. చాలా వాటిలో పిల్ల పేరే ఉండదు, పేరు గడి ఖాళీగా ఉంటుంది, ఆస్పత్రి నుంచి వచ్చినప్పుడు ఇంకా పేరు పెట్టలేదు కదా. పేరు చేర్పించుకోవడానికి మొదటి ఏడాది ఫీజు లేదు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ దాకా టైముంది. బడికి పోయే పిల్లలకు అడ్మిషన్ రిజిస్టర్‌లో హెడ్‌మాస్టర్ రాసుకున్నదే పేరు, అదే పుట్టినరోజు, అట్లా పది సర్టిఫికెట్ దాకా నడిచిపోతుంది. మనకు ఆ రిజిస్టర్ లేదు, కాబట్టి బర్త్ సర్టిఫికెట్టే మూలం. ఆ పేరే, అదే స్పెల్లింగుతో ఆధార్‌లో ఉండాలి. మన వాళ్ళకు ఇంటిపేరు గొడవ ఒకటి, ఒకచోట పొడి అక్షరంగా ముందుంటుంది, ఇంకోచోట పూర్తిగా వెనకుంటుంది, ఇంకోచోట నాన్న పేరే ఇంటిపేరై కూర్చుంటుంది. ఓపెన్ స్కూల్ దరఖాస్తు నింపేముందే ఇవన్నీ ఒకటి చేసుకోవాలి, ఎందుకంటే పది సర్టిఫికెట్‌లో ఎట్లా పడితే అట్లానే జన్మంతా. ఆధార్‌కు ఐదేళ్ళప్పుడు ఒకసారి, పదిహేనేళ్ళప్పుడు ఒకసారి వేలిముద్రలు, కళ్ళు మళ్ళీ ఇవ్వాలి. బడుల్లో క్యాంపులు పెట్టి గుర్తు చేస్తారు, మనకు ఎవరూ గుర్తు చేయరు.

తిరుపతి వాళ్ళకు ప్రత్యేకంగా ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా వచ్చింది. అంతకుముందు పుట్టిన పిల్లల సర్టిఫికెట్లన్నీ చిత్తూరు జిల్లా అని ఉంటాయి, ఆధార్‌లో మాత్రం ఇప్పుడు తిరుపతి జిల్లా. ఇది తప్పు కాదు, సవరించుకోవాల్సిన పని లేదు, కానీ కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడికి అది తేడాగా కనిపిస్తే మీరే శాంతంగా చెప్పాలి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ అసలు విషయానికొస్తాను. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్, అగ్రికల్చర్ లాంటి సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళవి. చిత్తూరు, తిరుపతి వాళ్ళం ఎస్వీ యూనివర్సిటీ ఏరియా లోకల్. లోకల్ అని ఎట్లా తేలుస్తారంటే ఎక్కడ చదివావో చూసి తేలుస్తారు, అందుకే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు పెట్టమంటారు. మన పిల్లల దగ్గర అవి ఉండవు. బడికి పోకుండా ప్రైవేటుగా చదివిన వాళ్ళయితే, అర్హత పరీక్షకు ముందు ఏడేళ్ళు ఎక్కడ నివాసం ఉన్నారో తహసీల్దారు ఇచ్చే రెసిడెన్స్ సర్టిఫికెట్ పెట్టాలి. ఏడేళ్ళు! అంటే పిల్లకు పది, పదకొండేళ్ళ వయసు నుంచి మీరు ఏ ఇంట్లో ఉన్నారో కాగితం ఉండాలి. సొంతిల్లు ఉన్నవాళ్ళకు పెద్ద బాధ లేదు, పన్ను రసీదులుంటాయి. అద్దె ఇళ్ళు మారే మాలాంటి వాళ్ళకే కష్టం, కొర్లగుంటలో రెండేళ్ళు, భవానీనగర్‌లో మూడేళ్ళు అని తిరుగుతూ ఉంటే ఓనర్లు అగ్రిమెంటు రాయరు, కరెంటు బిల్లు వాళ్ళ పేరు మీదే వస్తుంది.

అందుకని నేను "ఇల్లు" అని రాసిన ఒక ఫైలు విడిగా పెట్టాను. దాంట్లో రేషన్ కార్డు కాపీ, గ్యాస్ బిల్లులు, ఇల్లు మారినప్పుడల్లా అడ్రసు మార్చుకున్న ఆధార్ ప్రింటు, అద్దె అగ్రిమెంటు ఉంటే అది, పిల్లల పేరుతో ఉన్న డాక్టర్ చీటీలు, టీకాల కార్డు, లైబ్రరీ సభ్యత్వం, సంగీతం క్లాసు ఫీజు రసీదు, పోస్టాఫీసులో పిల్ల పేరు మీద తీసిన సుకన్య సమృద్ధి పాస్‌బుక్కు, అన్నీ. పిల్ల పేరు, అడ్రసు, తేదీ మూడూ ఒకే కాగితం మీద ఉంటే దానికి విలువ ఎక్కువ. ఎంఈఓ ముద్ర పడిన లెటర్లు కూడా ఇక్కడే పనికొస్తాయి, ఏటా ఒకే ఊరి అడ్రసుతో ప్రభుత్వ ఆఫీసుకు ఇచ్చిన కాగితం కన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది. మా ఆయన మొదట్లో నవ్వేవాడు, ఆస్తి పంపకాల కేసు నడుపుతున్నట్టుందే అని. నవ్వితే నవ్వనీ.

చదువు రికార్డు సంగతి తక్కువ చెప్తాను, ఎందుకంటే అది మీ కోసం తప్ప సర్కారు కోసం కాదు. ఒక్కొక్కరికి ఒక లాంగ్ నోట్‌బుక్, రోజుకు మూడు నాలుగు లైన్లు, అంతకన్నా ఎక్కువ రాయాలనుకుంటే ఉగాది దాకా కూడా సాగదు. మా పెద్దదాని పుస్తకంలో ఒక పేజీ ఇట్లా ఉంది: "భిన్నాలు, ఏడో తరగతి పుస్తకం. రైతుబజారులో టమోటా కిలో 28, ముప్పావు కిలోకు 21 అని తనే చెప్పింది, అమ్మే ఆమె 22 అడిగితే ఒప్పుకోలేదు. తెలుగు చదవలేదు, జ్వరం." కింద ఆ పిల్లే రాసింది, "జ్వరం కాదు తలనొప్పి" అని. చంద్రగిరి కోటకు పోయిన రోజు మ్యూజియం టికెట్ అతికించి, పక్కన 1639లో ఇంగ్లీషు వాళ్ళు మద్రాసులో కోటకు స్థలం సంపాదించింది ఈ చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే అని రాసుకుంది. ఇది చాలు. మూడు నెలలకోసారి ఒక పేజీలో ఏం వచ్చింది, ఏం రాలేదు అని నేను రాస్తాను, రాలేదన్నది దాచకుండా రాస్తాను. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు పల్లె బడుల కోసం కార్డులు, మెట్ల పద్ధతి ఒకటి తయారుచేశారు, పిల్ల ఏ మెట్టు మీద ఉందో పిల్లకే తెలుస్తుంది, తరగతి నంబరుతో పని లేదు. లెక్కలకు నేను అదే పద్ధతిలో గోడమీద చార్టు పెట్టాను. పిల్లల చేతిరాత పేజీలు ఏడాదికి పది దాచి మిగతావి పాతపేపర్లకు వేసేయండి, లేకపోతే బీరువా చాలదు.

పరీక్షలకు రెండు దారులు. ఒకటి ఎన్‌ఐఓఎస్, కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్. పదికి 14 ఏళ్ళు నిండాలి, ఇంటర్‌కు 15. ఎనిమిది పాసైన సర్టిఫికెట్ లేకపోయినా చదవగలనని సొంతంగా ధ్రువీకరణ ఇస్తే సరిపోతుంది. ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష. తెలుగు మీడియంలో కూడా రాయొచ్చు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఏప్రిల్–మేలో, అక్టోబర్–నవంబర్‌లో, రిజిస్ట్రేషన్ ఐదేళ్ళు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలు. టీఎంఏ అనే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు, వాటిని తేలిగ్గా తీసుకుని పోగొట్టుకునే వాళ్ళు చాలామంది. రెండోది మన ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ, 1991 నుంచి ఉంది, దగ్గర్లోని హైస్కూల్లోనే స్టడీ సెంటర్ ఉంటుంది, సార్లు తెలుగులో మాట్లాడతారు, ఏ సందేహమైనా పోయి అడగొచ్చు. ఇంటర్ తర్వాత జేఈఈ రాయాలనుకుంటే ఓపెన్ స్కూల్ పిల్లలకు ఐదు సబ్జెక్టులు ఉండితీరాలి, నాలుగు పాసై ఊరుకుంటే అక్కడ ఆపుతారు. నీట్‌కు ఓపెన్ స్కూల్ పిల్లలు పనికిరారని ఒకప్పుడు నిబంధన ఉండేది, దాన్ని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, 2024లో సుప్రీంకోర్టులో కూడా పిల్లల వైపే తేలింది. ఇప్పటికీ కొన్ని కోచింగ్ సెంటర్ల వాళ్ళు పాత మాటే చెప్పి భయపెడతారు, పట్టించుకోకండి.

డబ్బు మాట కూడా చెప్పేస్తాను, దాచేదేముంది. 2020 జనవరిలో అమ్మ ఒడి మొదలుపెట్టింది మన చిత్తూరులోనే, ఇప్పుడు తల్లికి వందనం. దేనికైనా బడి, 75 శాతం హాజరు ఉండాలి. మనకు రాదు. పుస్తకాల కిట్లు, బ్యాగులు, మధ్యాహ్న భోజనం ఏవీ రావు. ఆ పథకం డబ్బు కోసం పిల్ల పేరు ఏదో ఒక ప్రైవేటు బడి రిజిస్టర్‌లో ఉంచి, ఇంట్లో చదివించే వాళ్ళున్నారు, బడి వాళ్ళూ ఫీజు వస్తుంది కాబట్టి హాజరు వేసేస్తారు. స్టడీ సర్టిఫికెట్ల బాధ కూడా దాంతో తీరిపోతుంది, నిజమే. కానీ ఇప్పుడు ప్రతి విద్యార్థికీ ఇచ్చే అపార్ ఐడీ అనే నంబరు, ఆన్‌లైన్ హాజరు వచ్చాక అది ఎక్కువ రోజులు నడిచే వ్యవహారం కాదు, పైగా పిల్లకు తను రోజూ బడికి పోతున్నట్టు ఎవరడిగినా చెప్పమని నేర్పించాలి. నేనైతే నేర్పించలేను.

ఈ వేసవి సెలవుల్లో, మాకు సెలవులేంటి గానీ అలవాటుగా అంటున్నా, మీరు చేయాల్సిన పని ఒకటే ఉంటే అది బర్త్ సర్టిఫికెట్, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం సరిచూడటం. జూన్ వచ్చిందంటే అడ్మిషన్ల రద్దీతో సచివాలయంలో, ఆధార్ సెంటర్లలో నిలబడటానికి చోటుండదు. ఏప్రిల్‌లో పోతే మధ్యాహ్నం పూట ఫ్యాను కింద కూర్చోబెట్టి మరీ పనిచేసి పంపిస్తారు.